చిన్నబాబు దవడ

హలో... హలో! వినపడుతోందా అండీ? ఆఁ, వినపడుతోందన్నమాట. నమస్కారం. పొయ్యి మీద ఏమన్నా పెట్టుంటే దింపేసి రండి, నేను లైన్లోనే ఉంటాను. వచ్చేశారా? సరే, మన డిటెక్టివ్ నిదానంగారి కేసుల్లో ఈ అధ్యాయమంటే నాకు మహా ఇష్టం. ముందు భాగాలు చదవనివాళ్ళు కంగారు పడక్కర్లేదు. జరిగింది టూకీగా చెప్పేస్తాను.

మోటార్ వైండింగ్ షాపు నడిపే ఒకాయన ఉన్నాడు. వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని 'బావ' అనే పిలుస్తారు. ఆయన బావమరిది ఒకడు పొద్దస్తమానం షాపులో "బావా, బావా" అంటూ తిరిగేవాడు, ఆ పిలుపు వీధి వీధంతా అంటుకుంది. కుర్రాడి ముద్దుపేరు చిన్నబాబు. పంతొమ్మిదేళ్ళ వయసులో బావ స్కూటర్ని చెప్పకుండా తీసుకెళ్ళి గోడకి గుద్దాడు. దవడ వాచిపోయింది. వాపు తగ్గాక బావ వాణ్ణి నలుగురిలో నిలబెట్టి, "ఇంకోసారి బండి ముట్టుకున్నావంటే పళ్ళు రాలగొడతా!" అన్నాడు. మర్నాటికి కుర్రాడు లేడు. ఏడేళ్ళయింది, అయిపూ లేదు అజా లేదు.

నిన్న షాపు వెనక నీళ్ళ సంపు కోసం తవ్వుతుంటే మనిషి కింది దవడ బయటపడింది. పళ్ళ డాక్టరు దగ్గర 'చిన్నబాబు' అని రాసి ఉన్న పాత ఎక్స్‌రేతో పోల్చి చూశారు. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. బావ లాకప్పులో పడ్డాడు. ఈ సాయంత్రం నాలుగింటికి కోర్టు. తమ్ముడు పోయాడన్న వార్తా, చంపింది నీ మొగుడేనన్న మాటా ఒక్క రోజే విన్న చిన్నబాబు అక్క తెల్లారగానే నిదానంగారి గుమ్మంలో నిలబడింది.

ఇక కథలోకి రండి.

* * *

"నోరు తెరవండి."

"నేను నోరు తెరిపించడానికి వచ్చానమ్మా, తెరవడానికి కాదు," అన్నాడు నిదానం.

పళ్ళ డాక్టరమ్మ వినలేదు. ఆయన కుడి బుగ్గ బంతిలా వాచి ఉంది. ఎవరు ఏం చెప్పినా వెంటనే నమ్మకపోవడం వల్ల ఆయనకి నిదానం అనే పేరు పడిపోయింది గానీ, పంటి నొప్పి విషయంలో ఆ నిదానం మరీ ఎక్కువైంది. రెండు నెలలుగా లవంగం నమలడంతోనే నెట్టుకొస్తున్నాడు.

"ముందు పంటికి ఎక్స్‌రే ఫోటో తీయించుకోండి. తర్వాత మీరు ఎన్ని ప్రశ్నలు వేసినా చెబుతాను."

"ఇది బ్లాక్‌మెయిల్."

"అనుకోండి. పెద్దగా తెరవండి అంకుల్."

మూల స్టూలు మీద అక్క కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి. ఈ పెద్దమనిషి మొగుణ్ణి విడిపించడానికి వచ్చాడా, పన్ను పీకించుకోవడానికి వచ్చాడా అన్నట్టు చూస్తోంది. నిదానం ఆమె వైపు చెయ్యెత్తి, ఒక్క నిమిషం తల్లీ, అన్నట్టు సైగ చేశాడు. నోట్లో సామాను ఉంది మరి.

ఫోటో తెర మీదికి వచ్చింది. డాక్టరమ్మ పెన్సిల్ మొనతో చూపించింది.

"ఇదిగో మీ పన్ను. మధ్యలో నల్లగా, సన్నగా గీతలా ఉంది చూశారా? అది నరం ఉండే గది. వయసులో ఉన్నవాళ్ళకి వెడల్పుగా ఉంటుంది. పన్ను ఊరుకోదు కదా, ఏళ్ళ తరబడి లోపలి నుంచి గోడలు మందం చేసుకుంటూ పోతుంది. గది ఇరుకైపోతుంది."

"పిల్లలు పెరిగేకొద్దీ ఇల్లు ఇరుకైనట్టు."

"అలాగే అనుకోండి. ఇక పైన చూడండి, నమిలే చోట ఉండాల్సిన గుట్టలు అరిగిపోయి చదునైపోయాయి. పళ్ళ మధ్య ఎముక కూడా కిందికి జారింది. మీకెన్నేళ్ళు?"

"నలభై..."

"అంకుల్."

"యాభై నాలుగు," అన్నాడు నిదానం నీరసంగా. "పోలీసులకన్నా అన్యాయంగా ఉన్నారు మీరు. వాళ్ళు కనీసం పన్నులోకి తొంగి చూడరు."

అక్క పెదవి మీద నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. నిదానం అది గమనించాడు. కుర్చీ దిగి, వచ్చిన పని అడిగాడు.

"ఇన్‌స్పెక్టరుకి చూపించిన ఫిల్ము నాకూ ఒకసారి చూపించమ్మా."

అసలు ఫిల్ము పోలీసులు పట్టుకెళ్ళారు. పట్టుకెళ్ళే ముందు డాక్టరమ్మ దానికి కాపీ తీసుకుంది. దాన్ని నిదానం పంటి ఫోటో పక్కనే తెర మీద పెట్టింది. నిదానం కళ్ళజోడు సర్దుకుని ఇటు చూశాడు, అటు చూశాడు, మళ్ళీ ఇటు చూశాడు.

"డాక్టరమ్మా, ఇది కూడా నాదేనా?"

"కాదంకుల్. చిన్నబాబుది."

"మరి ఇదేంటి, నా పన్నుకి తోబుట్టువులా ఉంది?"

డాక్టరమ్మ పెన్సిల్ పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. తర్వాత కుర్చీ ముందుకి లాక్కుని, తెరకి ముక్కు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"నరం గది సన్నగా దారంలా ఉంది... గుట్టలు లేవు, అరిగిపోయాయి... ఎముక జారింది. ఇదిగో, ఇక్కడ ఒక పన్ను ఎప్పుడో తీసేశారు. పన్ను పోయిన చోట దవడ అరిగి పల్చబడింది. దవడలోంచి నరం బయటికొచ్చే బొక్క చూడండి, పై అంచుకి ఎంత దగ్గరికి వచ్చేసిందో! అంటే బొక్క పైకి పాకిందని కాదు, పైనున్న ఎముక కరిగింది." ఆమె పెన్సిల్ ఇంకా వెనక్కి జరిగింది. "అన్నిటికంటే వెనక జ్ఞానదంతం ఉంది కదా. పంతొమ్మిదేళ్ళ వాళ్ళకి దాని వేళ్ళు ఇంకా తయారవుతూనే ఉంటాయి. కొనలు తెరుచుకుని ఉంటాయి. దీనికి మూసుకుపోయి ఎన్నో ఏళ్ళయింది. వేరు కొన లావెక్కింది కూడా."

"అయితే ఈయన వయసెంత?"

"ఇన్ని ఏళ్ళు అని గట్టిగా చెప్పలేను. కొందరికి తొందరగా అరుగుతాయి, కొందరికి నెమ్మదిగా. కానీ పంతొమ్మిది మాత్రం కాదు. నలభై ఐదు దాటిన మనిషి. ఈ మాట కోర్టులో అడిగినా చెబుతాను." తల పట్టుకుంది. "ఇన్‌స్పెక్టర్ గారు ఎముకకి తీసిన ఫోటో, ఈ ఫిల్మూ పక్కపక్కన పెట్టి, రెండూ ఒక మనిషివేనా కాదా అని అడిగారు. వంగిన వేరు, లేని పన్ను, అన్నీ కలిశాయి. ఒకరివే అన్నాను. వయసు సంగతి ఆయన అడగలేదు, నాకూ తట్టలేదు. ఎంత పని చేశాను!"

"అడిగినదానికి సరిగ్గానే చెప్పావమ్మా. ఆయన అడిగిన ప్రశ్నే పొట్టిది."

అక్క ఎప్పుడు లేచి వచ్చిందో, నిదానం వెనక నిలబడి ఉంది.

"బాబాయిగారూ... అంటే ఆ దవడ..."

"మీ తమ్ముడిది కాదు. ఈ ఎక్స్‌రే కూడా మీ తమ్ముడిది కాదు."

ఆమె స్టూలు మీద కూలబడింది. రెండు చేతుల్లో మొహం దాచుకుని భుజాలు కదిలేలా ఏడ్చింది. ఈ ఏడుపు వేరని నిదానానికి తెలుసు. ఆపమని చెప్పలేదు. కాసేపటికి ఆమే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"కానీ దాని మీద చిన్నబాబు అని రాసి ఉంది కదండీ!"

"అది మా నాన్నగారి అలవాటు," అంది డాక్టరమ్మ. "ఈ క్లినిక్‌లో ఆయన ఉన్నన్నాళ్ళూ కవర్ల మీద అసలు పేర్లు రాసిన పాపాన పోలేదు. వచ్చినవాళ్ళని పక్కనున్నవాళ్ళు ఎలా పిలిస్తే అలా రాసేసేవారు. గడియారాలాయన, కుట్టుమిషన్ అత్తయ్య, నవ్వులాయన... ఆ నవ్వులాయనకి ముందు పళ్ళు రెండూ లేవు."

"నేను తమ్ముణ్ణి తీసుకొచ్చినప్పుడు కూడా అలాగే ఏదో రాశారు," అంది అక్క. "స్కూటర్ గుద్దాక నేనే కదా తీసుకొచ్చింది."

నిదానం ఆమె వైపు నెమ్మదిగా తిరిగాడు.

"నువ్వా తల్లీ? పోలీసులకి మీ నాయనమ్మ ఇచ్చిన స్టేట్‌మెంట్లో తనే తీసుకెళ్ళానని ఉందే."

"నాయనమ్మా? అప్పటికి ఆవిడ మోకాళ్ళ నొప్పితో గడప దాటడం లేదు!"

"ఒక్క చిన్నబాబుని ఇద్దరు తీసుకొచ్చారా?" నిదానం చెప్పులు వేసుకుంటూ అన్నాడు. "పద, పెద్దావిడతో మాట్లాడదాం. డాక్టరమ్మా, నువ్వు మీ నాన్నగారి పెట్టెలన్నీ దులుపు. ఈ అమ్మాయి తమ్ముడి ఫిల్ము ఏ పేరుతో ఉందో వెతుకు. దొరికితే మీ పళ్ళ డాక్టర్లందరికీ ఫోన్లో ఒక గ్రూపు ఉంటుంది కదా..."

"మూడున్నాయి."

"మూడింట్లోనూ పెట్టు. ఈ పళ్ళు ఎవరి కుర్చీలోనైనా కూర్చున్నాయేమో అడుగు."

* * *

నాయనమ్మ మంచం మీద కూర్చుని దిండు గలీబుకి చిరుగు కుడుతోంది. ఎనభై దాటినా సూదిలో దారం తనే ఎక్కించుకుంటుంది.

"ఎవరు నాయనా నువ్వు? ఇంకో పోలీసువా?"

"కాదమ్మా. పోలీసులంటే నాకూ కాస్త భయమే."

"అయితే కూర్చో."

నిదానం కింద చాప మీద కూర్చున్నాడు. ఆవిడ కుట్టు ముడి వేసేదాకా ఆగాడు.

"అమ్మా, చిన్నబాబుని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది నువ్వేనా?"

"నేను కాక ఎవరు తీసుకెళతారు? వాడికి డాక్టరంటే హడల్. కుర్చీలో కూర్చోమంటే నా కొంగు పట్టుకుని వదల్లేదు. డాక్టరు ఒకటే నవ్వు."

"అప్పటికి చిన్నపిల్లాడన్నమాట."

"చిన్నవాడే."

"ఎంత చిన్న?"

"అప్పుడే యాభై నిండాయి."

అక్క గబుక్కున నాయనమ్మ వైపు తిరిగింది. నిదానం మాత్రం ఈ జవాబు కోసమే వచ్చినవాడిలా తల ఊపాడు.

"నువ్వు చెప్పేది నీ చిన్నకొడుకు గురించి."

"చిన్నబాబంటే నా చిన్నకొడుకు కాక ఇంకెవరు నాయనా? పెద్దాడు పెద్దబాబు, చిన్నాడు చిన్నబాబు. పెద్దబాబు ఈ పిల్ల తండ్రి. ఇద్దరూ నన్ను ఒదిలేసి వెళ్ళిపోయారు."

"నాయనమ్మా!" అక్క మంచం మీద ఆవిడ పక్కన కూర్చుంది. "బాబాయిగారూ, నాకిప్పుడు అర్థమైంది. చిన్నాన్న గుండె ఆగి పోయాక, ఆ పిలుపు ఇంట్లోంచి పోకూడదని నాన్న మా తమ్ముణ్ణి చిన్నబాబు అనడం మొదలుపెట్టాడు. అందరికీ అదే అలవాటైంది. పోలీసు కంప్లెయింటులో కూడా అదే రాయించాం. నాయనమ్మ ఒక్కతే వాణ్ణి ఎప్పుడూ అలా పిలవలేదు. ఆవిడకి వాడు బుల్లోడే."

"ఒకడి పేరు తీసి ఇంకొకడికి ఎలా ఇస్తానే?" అంది నాయనమ్మ. "బుల్లోడు బుల్లోడే, చిన్నబాబు చిన్నబాబే."

"మరి పోలీసాయనకి ఏం చెప్పావమ్మా?" అని అడిగాడు నిదానం.

"ఏం చెప్పనిచ్చాడు గనక? వచ్చిన దగ్గర్నుంచీ అవునా కాదా, అవునా కాదా! రెండో ముక్క నోట్లోంచి రానిస్తేనా? చిన్నబాబుని పళ్ళ డాక్టరుకి చూపించింది నువ్వేనా, ఇది మీ చిన్నబాబు ఫోటోయేనా అన్నాడు. అవునన్నాను. ఆ షాపు వెనక మట్టిలో ఉన్నది వాడేనా అన్నాడు. వాడు ఉన్నది అక్కడే కదా, అవునన్నాను. నేనే పిడికెడు మట్టి వేశాను. దానికి మనవరాలి మొగుణ్ణి ఎందుకు పట్టుకుపోయారో నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు."

"నాకెందుకు చెప్పలేదు?" అంది అక్క, నవ్వో ఏడుపో తెలియని గొంతుతో.

"నువ్వు తలుపేసుకుని ఏడిస్తివి. ఇన్నాళ్ళకైనా చిన్నాన్న గుర్తొచ్చాడు పిచ్చిదానికి అనుకున్నాను."

నిదానం కాస్త ముందుకి జరిగాడు. "చిన్నబాబుని పెట్టింది శ్మశానంలో కదమ్మా. షాపు వెనక గోడకి అవతల."

"గోడ పక్కనే. వరదకి గోడ పడిపోయింది. వాడి మీద పాతిన గుర్తు కూడా కొట్టుకుపోయింది. మళ్ళీ గోడ కట్టాక నాకు లెక్క తప్పింది నాయనా. ఎక్కడ వెతికినా వాడి చోటు కనపడలేదు. నడవగలిగినన్నాళ్ళు వెళ్ళి ఆ గోడకే చెయ్యి ఆనించి నిలబడి వచ్చేదాన్ని."

ఆవిడ మళ్ళీ సూది అందుకుంది. కొడుకు చోటు తెలిసినా, చూడటానికి నడవలేని మోకాళ్ళవి. అక్క ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసింది. నిదానం లేచాడు.

* * *

షాపు వెనక తవ్విన గొయ్యి దగ్గర కానిస్టేబుల్ ఒకడు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నిదానాన్ని చూసి లేవబోయి, లేస్తే ఆపాల్సి వస్తుందని మళ్ళీ కూర్చున్నాడు.

నిదానం ముందు గొయ్యి వైపు పోలేదు. గోడల చుట్టూ తిరిగాడు. ఎడమ గోడ రాతిది, పాతది, నాచు పట్టి ఉంది. కుడి గోడ కూడా అంతే. వెనక గోడ ఒక్కటే ఇటుకది. రాతి గోడలు రెండూ వెనక గోడ దాకా వెళ్ళలేదు. బారెడు దూరం ముందే ఆగిపోయాయి, అక్కడి నుంచి ఇటుక మొదలైంది.

అప్పుడు గోతిలోకి దిగాడు. మట్టిని వేళ్ళతో తోశాడు. మోకాలి లోతులో అడ్డంగా ఒక రాళ్ళ వరస. ఎడమ రాతి గోడ ఆగిన చోటు నుంచి కుడి రాతి గోడ ఆగిన చోటుకి, దారం పట్టి గీసినట్టు.

దవడ దొరికిన చోటు ఆ వరసకి అవతల, వెనక గోడ వైపు ఉంది. పార తగలని వైపు కాలి ఎముకలు ఇంకా మట్టిలోనే ఉన్నాయి, తిన్నగా, పక్కపక్కన.

"నిదానంగారూ! గోతిలో ఏం చేస్తున్నారు, సంపు తవ్వే కాంట్రాక్టు మీకిచ్చారా?"

పైన ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు. స్టేషన్లో ఆయన్ని మెరుపు అంటారు. ఏ కేసైనా తెల్లారి తెరిచి, పొద్దుగూకేలోపు మూసేయడం ఆయనకి సరదా. నడక కూడా సగం పరుగే.

"రండి దిగండి. మీ కేసు ఇక్కడే ఉంది."

"నా కేసు లాకప్పులో ఉంది. నాలుగింటికి కోర్టులో ఉంటుంది. మీరు గొయ్యి ఎక్కేలోపు నేను ఇంకో కేసు కూడా మూసేస్తాను."

"మూయండి. ఇది మాత్రం మళ్ళీ తెరవాలి."

"ఎక్స్‌రే కలిసిందా లేదా? అది చెప్పండి ముందు."

"కలిసింది. ఆయన ఎక్స్‌రే ఆయన దవడతో కలవక, మీ దవడతో కలుస్తుందా?"

మెరుపు మొహం చిట్లించాడు. నిదానం డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాడు. ఇరుకైన నరం గది, కరిగిన ఎముక, మూసుకుపోయిన జ్ఞానదంతం వేళ్ళు. నాయనమ్మ చెప్పిందీ చెప్పాడు. మెరుపు మధ్యలో నాలుగుసార్లు అడ్డం వచ్చాడు, నాలుగుసార్లూ నిదానం ఆగి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఐదోసారి మెరుపు అడ్డం రాలేదు.

"ముసలావిడ మాట మార్చింది."

"మార్చలేదు. మీరు సగం విన్నారు."

"డీఎన్‌ఏకి పంపించాను. రిపోర్టు రానివ్వండి, వారాలు పట్టినా సరే. అంతవరకు వాడు లోపలే."

"అది వస్తే ఇంకా గందరగోళం. ఆ ఎముక ఈ కుటుంబం రక్తంతో కలుస్తుంది, కలవాలి కూడా. సొంత చిన్నాన్న కదా. మీరు పేరు చూసి ఒకసారి పొరబడ్డారు. రక్తం చూసి రెండోసారి పొరబడతారు."

మెరుపు గోతి అంచుకి వచ్చాడు.

"దిగి చూడండి సార్. ఈ రాళ్ళ వరస పాత ప్రహరీ పునాది. వరదకి గోడ పడితే అప్పటి షాపు యజమాని ఇదే సందని బారెడు వెనక్కి జరిపి ఇటుకతో కట్టుకున్నాడు. శ్మశానం మూల ఒకటి షాపులోకి వచ్చేసింది. ఈ బావ కొన్నది ఆ తర్వాత. చంపి పాతిపెట్టేవాడు ఇంత ఓపిగ్గా కాళ్ళు సర్ది పడుకోబెడతాడా? ఈయన్ని పడుకోబెట్టింది కన్నతల్లి."

మెరుపు బూట్లతోనే గోతిలోకి దూకాడు. రాళ్ళ వరస పట్టుకుని ఒక కన్ను మూసి ఎడమ గోడ చూశాడు, కుడి గోడ చూశాడు. కాలి ఎముకల దగ్గర ఒక క్షణం ఆగి, టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"సరే. ఇది చిన్నాన్నే అనుకుందాం. మరి కుర్రాడేడి?"

నిదానం చేతికి అంటిన మట్టి దులుపుకున్నాడు.

"ఏడేళ్ళుగా మనిషి లేడు. మర్నాడు మాయమయ్యాడు, ముందు రోజు బావ బెదిరించాడు, వీధంతా విన్నది. ఇక్కడ లేకపోతే ఇంకోచోట ఉంటాడు. అక్కడా తవ్విస్తాను. ఎముక మారింది గానీ నా అనుమానం మారలేదు నిదానంగారూ. నాలుగింటిలోపు వాడు బతికున్నాడని చూపించండి. లేకపోతే కోర్టుకే."

మాట మొరటుగా ఉన్నా అందులో తప్పు లేదని నిదానానికి తెలుసు. పన్ను సలపడం మొదలుపెట్టింది. గోతిలోంచి ఎక్కలేక చెయ్యి చాపాడు. మెరుపే పట్టుకుని పైకి లాగాడు.

* * *

స్టేషన్లో గడియారం మూడు దాటింది. లాకప్పు కమ్మీల వెనక బావ గడ్డం మాసిపోయి కూర్చుని ఉన్నాడు. అక్క కమ్మీలకి ఇటు పక్క నేల మీద కూర్చుంది.

"దవడ వాడిది కాదంట," అంది ఆమె.

"తెలుసు. కానిస్టేబుల్ చెప్పాడు." కమ్మీల దగ్గరికి జరిగాడు. "నువ్వు నన్ను అనుమానించావా?"

"రాత్రి మూడు గంటల దాకా అనుమానించాను. తర్వాత నువ్వు బల్లిని చంపలేక నన్ను పిలిచిన సంగతి గుర్తొచ్చింది."

బావ నవ్వాడు. కమ్మీల సందులోంచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడే డాక్టరమ్మ తెల్లకోటు విప్పకుండా, క్లినిక్ చెప్పులతోనే లోపలికి వచ్చింది. ఒక చేతిలో పాత కవరు, రెండో చేతిలో ఫోను.

"దొరికింది అంకుల్! చ అక్షరంలో వెతికి వెతికి చచ్చాను. మ అక్షరంలో ఉంది. మా నాన్నగారు ఏం రాశారో చూడండి." కవరు మీద దళసరి అక్షరాలు, 'మోటార్ల బావమరిది'.

మెరుపు టేబుల్ వెనక నుంచి లేచి వచ్చాడు. డాక్టరమ్మ ఫిల్ముని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టింది.

"ఇది కుర్రాడిది. నరం గదులు చూడండి, ఎంత వెడల్పుగా ఉన్నాయో. గుట్టలు ఒక్కటీ అరగలేదు. జ్ఞానదంతం వేళ్ళ కొనలు గరాటుల్లా తెరుచుకుని ఉన్నాయి. ఈ పన్నులో నింపిన సిమెంటు చేప తోకలా ఉంది. దాని పక్క పన్ను కాస్త ఒరిగింది. దొరకగానే దీన్ని మూడు గ్రూపుల్లోనూ పెట్టాను. మధ్యాహ్నం జవాబు వచ్చింది." ఫోను పక్కన పెట్టింది. "రేవు ఊళ్ళో ఉన్న డాక్టరు ఒకాయన పంపారు. ఇది ఆయన ఈ వారం తీసిన ఫోటో."

రెండూ పక్కపక్కన. చేప తోక ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. ఒరిగిన పన్ను ఇక్కడా ఒరిగే ఉంది, అక్కడా అంతే.

"రెండూ ఒకటేనా కాదా?" అన్నాడు మెరుపు. వెంటనే చెయ్యెత్తాడు. "ఆగండి. కాదు. మీరే చెప్పండి డాక్టరుగారూ, మొత్తం చెప్పండి. నేను వింటాను."

"మనిషి ఒకడే. కానీ ఫోటో ఒకటి కాదు. ఈ కొత్తదాంట్లో గుట్టల మొనలు కొద్దిగా అరిగాయి. నరం గది అప్పటికన్నా కాస్త సన్నబడింది. అసలు సంగతి ఇక్కడ ఉంది, జ్ఞానదంతం." ఆమె వేలు ఒక ఫోటో నుంచి ఇంకో ఫోటోకి జరిగింది. "అప్పుడు తెరిచి ఉన్న కొనలు ఇప్పుడు సూది మొనల్లా మూసుకున్నాయి. వేళ్ళు పూర్తయ్యాయి."

"అంటే?"

నిదానం అక్క వైపు తిరిగి చెప్పాడు. "అంటే ఇల్లు వదిలి వెళ్ళాక కూడా మీ తమ్ముడి పన్నుకి వేళ్ళు పెరిగాయమ్మా. మట్టిలో ఉన్నవాడికి అవి పెరగవు."

బావ కమ్మీలు పట్టుకుని లేచి నిలబడ్డాడు. అక్క ఆ చిన్న తెర మీద తమ్ముడి పన్నుని వేలితో తాకింది, బుగ్గ నిమిరినట్టు. పోయాడనుకున్న మనిషి ఎక్కడో ఇన్నాళ్ళూ తిన్నాడు, నమిలాడు, పెద్దవాడయ్యాడు.

"ఆ డాక్టరుగారు వారం నుంచి ఇదే పన్నుకి వైద్యం చేస్తున్నారంట," అంది డాక్టరమ్మ. "నా ఫిల్ము చూడగానే గుర్తుపట్టారు. ఓడల మోటార్లు బాగుచేసే కుర్రాడంట. ఈ రోజు మళ్ళీ రావాలి, రాగానే..."

ఆమె చేతిలో ఫోను మోగింది. స్పీకరు నొక్కింది.

"మేడమ్, కుర్రాడు వచ్చాడు. కుర్చీలోనే ఉన్నాడు. విషయం చెప్పాను, బావని పట్టుకున్నారన్నది కూడా చెప్పాను. లేచి పరుగెత్తబోతే కూర్చోబెట్టాను. మీరు మాట్లాడండి గానీ జవాబు మాత్రం ఆశించకండి. సగం పనిలో ఉన్నాను, నోటికి రబ్బరు తొడుగు బిగించాను."

మెరుపు ఫోను దగ్గరికి వంగాడు. "బాబూ, నేను ఇన్‌స్పెక్టర్ని. నీ అంతట నువ్వే వెళ్ళిపోయావా? ఎవరూ నిన్ను ఏమీ చేయలేదు కదా?"

"ఊఁ," అంది ఫోను. మళ్ళీ గట్టిగా, "ఊఁ! ఊఁ!"

మెరుపు నిటారుగా లేచాడు. జేబులోంచి తాళాలు తీసి కానిస్టేబుల్ మీదికి విసిరాడు. "తియ్యవయ్యా, చూస్తావేం!" నిదానం వైపు చూడకుండానే అన్నాడు, "కోర్టుకి ఫోన్ చేసి నేనే చెబుతాను. వీడియోలో మొహం చూసి, స్టేట్‌మెంటు రాసుకుని, అన్నీ చేస్తాను. నిదానంగా."

లాకప్పు తలుపు కిర్రుమంది. బావ బయటికి వచ్చి, ఏం చేయాలో తెలియక అక్క పక్కన నిలబడ్డాడు. అక్క ఫోను రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఏడేళ్ళుగా దాచుకున్న తిట్లన్నీ గొంతులోకి వచ్చి, ఒక్కటీ బయటికి రాలేదు.

"ఒరేయ్... తిన్నావురా?" అంది.

అటు నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఆ తర్వాత ఊపిరి అందనట్టు ఒక మూలుగు.

"డాక్టరుగారూ, నొప్పేమో చూడండి!" అని కంగారుపడింది అక్క. "తట్టుకోలేడండీ వాడు!"

"పన్ను మొద్దుబారి అరగంటయిందమ్మా," అన్నాడు రేవు ఊరి డాక్టరు. "నొప్పి నా వల్ల కాదు. మీరు మాట్లాడుతూ ఉండండి, నేను ఆగుతాను."

* * *

అదీ సంగతి. ఫోన్ పెట్టేసే ముందు ఒక్క మాటండి. మీ ఇంట్లో గానీ మీ చుట్టాల్లో గానీ ఒకే ముద్దుపేరుతో ఇద్దరు ఉంటే, ముందు వాళ్ళకి పంపండి ఈ కథ. అలిగి వెళ్ళిపోయి ఫోను చేయడానికి మొహమాటపడేవాళ్ళు ఎవరైనా తెలిస్తే వాళ్ళకి ఇంకా ముందు పంపండి. ఉంటాను మరి, జాగ్రత్త.